సెకండ్ వయొలిన్, ఆరో కుర్చీ

ఈమధ్య మా పాత స్కూల్లో కొత్తగా చేరిన మ్యూజిక్ టీచర్ ఫోన్ చేసింది. చిన్న పిల్ల, గొంతులో ఇంకా కాలేజీ హుషారు పోలేదు. "మేడం, ఆర్కెస్ట్రాలో సరిగ్గా వాయించలేని పిల్లల్ని ఎక్కడ సర్దుతారు?" అని అడిగింది. ఏ కుర్చీలు ఎటు వేయాలో, ట్రంపెట్ల ముందు ఎవర్ని కూర్చోబెట్టకూడదో చెప్పాను. అసలు చెప్పాల్సింది మాత్రం ఫోన్లో చెప్పేది కాదు. అందుకని ఇలా రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివినా సరే, పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి రాబోయే మీలో ఎవరు చదివినా సరే.

నేను సికింద్రాబాద్‌లో ఆ ఒక్క హైస్కూల్లోనే ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మా నాన్న రైల్వేలో బదిలీ మీద గోదావరి వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డారు. అమ్మ దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. నోట్స్ చూసి పదిమందితో కలిసి వాయించడం మాత్రం ఇక్కడే ఒక పెద్దాయన నేర్పారు. తెల్లటి పాంటు, తెల్లటి చొక్కా, చేతిలో ఎప్పుడూ పెన్సిలు. ఆయన దగ్గర చాలా మంచి విషయాలు నేర్చుకున్నాను. ఒక చెడ్డ విషయమూ నేర్చుకున్నాను. ఉద్యోగంలో నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఆ చెడ్డదే.

అదేమిటో చెబుతాను. వయొలిన్ వాయించే కమానుకి గుర్రపు వెంట్రుకలు ఉంటాయి. వాటికి రోజిన్ అనే గట్టి జిగురు ముద్ద రుద్దితేనే తీగను పట్టుకుని శబ్దం పుట్టిస్తాయి. రుద్దకపోతే కమాను తీగ మీద జారిపోతుంది, చప్పుడు రాదు. ఆ పెద్దాయన బీరువాలో ఎన్నడూ రోజిన్ తగలని కమానులు రెండు ఉండేవి. ప్రోగ్రాం రోజు పొద్దున, శ్రుతి నిలవని పిల్లల్ని పిలిచి, "నీ కమాను వదులైంది, ఇది తీసుకో" అని చేతిలో పెట్టేవారు. పిల్ల స్టేజ్ మీద అందరితోపాటు చెయ్యి ఆడిస్తుంది. ఫోటోలో ఉంటుంది. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. ఆర్కెస్ట్రా శ్రుతి చెడదు. ఎవరికీ నష్టం లేదు అనేవారాయన. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడే నా బీరువాలోకీ అలాంటి కమానులు రెండు వచ్చాయి. ఎప్పుడైనా ఏ తల్లో వచ్చి "వీడియోలో మా వాడి సౌండ్ తెలియడం లేదండీ" అంటే, "ఆర్కెస్ట్రా అంటేనే అందరూ కలిసిపోవడం, విడిగా వినపడకూడదు" అని గంభీరంగా చెప్పి పంపేదాన్ని.

ఆర్కెస్ట్రా అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. సైకిల్ స్టాండ్ పక్కన రేకుల గది. పదమూడు వయొలిన్లు, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ల లాంటి చెల్లోలు రెండు, రెండు ట్రంపెట్లు, కీబోర్డు, తబలా, ఆ ఏడు ఎవరి దగ్గర ఏముంటే అది. పెళ్లి బ్యాండు వాళ్లింటి అబ్బాయి ఒకడు క్లారినెట్ వాయించేవాడు. నోట్స్ ఒక్కటీ చూసేవాడు కాదు, ఒక్క తప్పూ వచ్చేది కాదు. వాన పడితే రేకుల మీది చప్పుడుకి మాది మాకు వినిపించేది కాదు. అయినా వాయించేవాళ్లం. ఇప్పుడు యూట్యూబ్‌లో ఎంత గొప్ప ఆర్కెస్ట్రా విన్నా ఆ రేకుల గది తలుచుకున్నప్పుడు కలిగే సంతోషం నాకు కలగదు, ఏం చేయను.

నేను రిటైర్ అవడానికి రెండేళ్ల ముందు స్కూల్లో మ్యూజిక్ టెక్నాలజీ అని కొత్త సబ్జెక్టు పెట్టారు. కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు, మైకులు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చాయి. నేర్పాల్సింది నేను. నాకేమో అప్పటికి ఫోన్‌లో ఫోటో పంపడమే గొప్ప. కంప్యూటర్ ల్యాబ్ సార్‌ని తోడిచ్చారు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, కాలేజీలో ఉండగా పెళ్లిళ్లకు సౌండ్ సిస్టమ్ పెట్టేవాడట. యాప్రాల్ నుంచి బండి మీద వచ్చేవాడు. నాకు వైర్లు చూస్తేనే కంగారు. అతనేమో, "మేడం, మీరు పరేషాన్ గాకుర్రి. వయొలిన్ గంత కష్టమైంది నేర్సుకున్నరు, గిదొక లెక్కనా?" అని ఓపిగ్గా నేర్పాడు.

రెండో ఏడు, అంటే నా ఆఖరి ఏడు, స్కూళ్ల మధ్య ఆర్కెస్ట్రా పోటీ ఒకటి వచ్చింది. మొదటి రౌండుకి రికార్డింగ్ పంపాలి. అది నచ్చితే రెండో రౌండుకి పిల్లలంతా వచ్చి స్టేజ్ మీద వాయించాలి. మోహన రాగం ఆధారంగా నేనే రాసిన ఒక స్వరరచన ఎంచుకున్నాను. మొదట ఒక నడక, మధ్యలో నెమ్మది భాగం, చివర పరుగు. ఇన్నేళ్లలో మా స్కూలుకి ఆర్కెస్ట్రాలో కప్పు రాలేదు. రిటైర్ అయ్యేలోపు ఒక్కటి పట్టుకెళ్లాలని నాకు చాలా ఆశగా ఉండేది. ఇందులో దాచుకునేదేమీ లేదు.

ల్యాబ్ గదిలో అందరూ పట్టరు. ల్యాబ్ సారే ఉపాయం చెప్పాడు. "ఒక్కొక్కల్ని పిలుద్దాం మేడం. ఒక్కొక్కలకి ఒక ట్రాక్. అందరియి అయినంక కలిపి కొడ్తే ఆర్కెస్ట్రానే." అలాగే చేశాం. వారం రోజులు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, హెడ్‌ఫోన్లో తాళం వింటూ, తమ భాగం వాయించి వెళ్లారు. ఎవరిది వాళ్లకు తిరిగి వినిపించే తీరిక లేకపోయింది.

అసలు పాట వాయించేవి ఫస్ట్ వయొలిన్లు, కింద తోడుగా వాయించేవి సెకండ్ వయొలిన్లు. ఆ సెకండ్ వయొలిన్లలో ఆరో కుర్చీ అమ్మాయి తొమ్మిదో తరగతి. బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చేది. ఆరో తరగతి నుంచీ ఆర్కెస్ట్రాలో ఉంది, ఒక్క ప్రాక్టీసు మానలేదు. కుర్చీలు వేసేదీ తనే, తీసేదీ తనే. వయొలిన్ మాత్రం శ్రుతిలో నిలిచేది కాదు. మూడేళ్ల యాన్యువల్ డేలకూ నా బీరువాలోని కమాను ఆమె చేతికే వెళ్లింది. ల్యాబ్‌లో ఒక్కతే వాయిస్తుంటే ఆ ఆట సాగదు కదా. ఆమె ట్రాక్ విని నేను కళ్లు మూసుకున్నాను. ల్యాబ్ సార్ నా మొహం చూసి, "గీ ఎం అనే బటన్ ఉన్నది సూడుర్రి. మ్యూట్. నొక్కితె ఆ ట్రాక్ బందు" అన్నాడు. నేనే నొక్కాను. అరక్షణం పట్టింది. ఇంత చిన్న బటన్ కోసం ముప్పై ఏళ్లు బీరువాలో కమానులు దాచానే అనుకుని నవ్వుకున్నాను కూడా.

రికార్డింగ్ నెగ్గింది. స్టేజ్ రౌండుకి ఇంకా మూడు వారాలున్నాయి. ప్రిన్సిపల్ సార్ అసెంబ్లీలో ప్రకటించారు, పిల్లలు కేకలు పెట్టారు. ఆ వారమే నేను చేసిన పనిని ఇప్పటికీ నేను నమ్మలేను.

తొమ్మిదో తరగతికి మిక్సింగ్ పాఠం. ఎవరి శబ్దం ఎంత ఉండాలో సర్దడం. ల్యాబ్ సార్ ఆ రోజు సెలవు. పిల్లలకు ఏదైనా బయటి ఫైల్ ఇచ్చి ఉండొచ్చు. కాదు, వాళ్ల ఆర్కెస్ట్రానే ఇస్తే సరదాపడతారని, పోటీకి పంపిన ఆ ఫైల్‌నే అన్ని కంప్యూటర్లలోకీ కాపీ చేశాను. గ్రూప్ ఫోటో చేతికిస్తే ఏ పిల్లైనా ముందు తన మొహమే వెతుక్కుంటుంది. ఆ పాటి బుద్ధి నాకు లేకపోయింది. బటన్ సంగతి అసలు గుర్తే లేదు.

రెండో వరసలో నడుస్తూ ఆ ఆరో కుర్చీ అమ్మాయి వెనక్కి వచ్చేసరికి చూశాను. స్క్రీన్ మీద తన పేరున్న ట్రాక్ ఒక్కటే బూడిద రంగులో ఉంది, పక్కన ఎం అక్షరం ఎర్రగా వెలుగుతోంది. ఆమె దాన్ని నొక్కి ఆపింది. తర్వాత, అంతకుముందు వారం నేనే నేర్పినట్టు, తన ట్రాక్ ఒక్కటే వినిపించేలా పెట్టుకుంది. మొదటి నుంచి చివరిదాకా విన్నది. నేను పక్క పిల్లకి ఏదో చెబుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను.

బెల్లు కొట్టాక అందరూ వెళ్లారు, ఆమె ఉండిపోయింది.

"మేడం, గీ బటన్ తప్పుగ నొక్కుకుపోయిందా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆ పిల్లే నాకు దారి చూపిస్తోంది. నాకు నోటిదాకా వచ్చింది. ఆ మొహంలోకి చూస్తూ మాత్రం అనలేకపోయాను.

"లేదమ్మా. నేనే నొక్కాను. నీ శ్రుతి కలవడం లేదు."

"అవ్ మేడం. ఇప్పుడే విన్న. మస్తు ఘోరంగ ఉన్నది." ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాలుగేండ్ల సంది వస్తున్న గదా. గింత ఘోరంగ వాయిస్తున్నవని ఒక్కసారి సుత ఎందుకు చెప్పలే?"

"బాధపడతావని."

"ఇప్పుడు బాధ అయితలేదా మేడం?"

ఆమే మళ్లీ అడిగింది. "యాన్యువల్ డేకి కమాను జారుతుండె. భయానికి చేతులకి చెమట వడ్తుందేమో అనుకున్న. పోయినేడు చేతులకి పౌడర్ సుత రాసుకున్న. అది సుత మీరేనా?"

తల ఊపాను. ఇన్నేళ్ల సర్వీసులో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

"మేడం, రేపటి సంది నేను రావాల్నా వద్దా, చెప్పుర్రి. రమ్మంటె వాయిస్త. ఉత్తగ చెయ్యి ఊపుకుంట కూసునుడు నాతోని కాదు." బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ శనివారం ప్రాక్టీసుకి రాలేదు. కుర్చీలు ఎవరు వేయాలో తెలియక పిల్లలు కాసేపు నిలబడే ఉన్నారు.

ప్రిన్సిపల్ సార్‌తో చెప్పాను. ఆయన చెడ్డవారేం కాదు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. "మేడం, మన రికార్డింగ్ విని పిలిచారు. స్టేజ్ మీద అలాగే ఉండాలి. ఆ పాప మానేస్తే మానేయనివ్వండి, లేదా ఎప్పుడూ చేసినట్టే చేయండి. ఏప్రిల్‌లో మీరు కప్పుతో వెళ్తుంటే చూడాలని నాకుంది" అన్నారు. ఎప్పుడూ చేసినట్టే అనగానే ఉలిక్కిపడ్డాను. బీరువా సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయనకు తెలుసు. ఎంతమందికి తెలుసో మరి.

ఆదివారం మల్కాజ్‌గిరిలో మందుల షాపు దగ్గర ఒకాయన వచ్చి నమస్కారం పెట్టాడు. చంకలో చిన్న పాప. "గుర్తు పట్టిన్రా మేడం? మీ ఆర్కెస్ట్రాల వయొలిన్ వాయించిన నేను. ఫోటో ఇంట్ల గోడకు పెట్టినం. మా బిడ్డకి రోజు చూపిస్త, మీ డాడీ వాయిస్తుండె అని." గుర్తుపట్టాను. ఆ ఏడాది నా బీరువా కమాను అతని చేతిలో ఉంది. "చాలా సంతోషం నాయనా" అన్నాను. పాప బుగ్గ నిమిరాను. ఆ నవ్వు మొహం మీద ఇంకేం చెప్పను? ఇంటికి నడుస్తూ లెక్కపెడదామనుకున్నాను, ఎంతమందికి అలా ఇచ్చానో. పది దాటాక ఆపేశాను.

సోమవారం పొద్దున ఆరో కుర్చీ అమ్మాయి క్లాసు గుమ్మం దగ్గరికి నేనే వెళ్లాను. ఆమె లేచి బయటికి వచ్చింది.

"రేపటి నుంచి ఏడింటికి ల్యాబ్‌కి రా. వాయిద్దువుగాని. బాగా లేకపోతే బాగా లేదనే చెబుతాను."

"నిజంగనేనా మేడం?"

"నిజంగానే. తర్వాత ఏడిస్తే నన్ననకు."

"ఏడ్వను," అంది. రెండో రోజే ఏడ్చింది.

ఏడింటికి ల్యాబ్ తెరవాలంటే తాళాలు ల్యాబ్ సార్ దగ్గర ఉంటాయి. చలికాలం. అతను చెవులకి మఫ్లర్ చుట్టుకుని ఆరున్నరకే వచ్చి తెరిచేవాడు. మీకెందుకింత శ్రమ, తాళాలు నాకిచ్చేయండి అంటే, "బటన్ చూపిచ్చింది నేనే గద మేడం. నాది సుత జెర తప్పున్నది" అన్నాడు.

మా పద్ధతి ఇది. నోట్స్‌లో నిలువు గీతల మధ్య ఒక్కో గడిని బార్ అంటాం. నాలుగు బార్లు వాయిస్తుంది, రికార్డ్ చేస్తాం, వెంటనే వింటుంది. నేను నోరు తెరవకముందే నోట్స్ మీద పెన్సిల్‌తో తను తప్పు అనుకున్న చోట గుండ్రం చుట్టాలి. మొదటి రోజు అన్నింటికీ చుట్టింది. అన్నీ తప్పు కాదని చూపించడానికి నాకు అరగంట పట్టింది. మూడో రోజుకి గుండ్రాలు తగ్గాయి, కానీ అన్నీ ఒకే చోట పడుతున్నాయి. మూడో వేలు. ఎప్పుడు పెట్టినా ఉండాల్సిన దానికి వెంట్రుకవాసి కింద. మిగతా వేళ్లు బాగానే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఆరో తరగతిలో చేరిన ఏడు చిన్న పిల్లల సైజు వయొలిన్లు అయిపోతే, ఎలాగూ ఎదుగుతుందిలే అని పెద్ద సైజుది ఇచ్చాను. చిట్టి చెయ్యి, మూడో వేలు అందేది కాదు. అందినంత మేర పెట్టడం అలవాటైపోయింది. చెయ్యి పెరిగింది, అలవాటు మాత్రం అక్కడే ఉండిపోయింది. మొదటి నెలలో ఒక్క పూట పక్కన కూర్చుని ఉంటే పట్టుకునేదాన్ని. దానికి బదులు, ఈ పిల్లకి చెవి లేదు అని నాకు నేనే తీర్పు చెప్పుకుని వెనక కుర్చీలో వేశాను. ఈ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె తన చెయ్యి ముందుకు చాపి వేళ్ల వంక చూసుకుని, "అంటే చెవి మంచిగనే ఉన్నదా మేడం?" అని అడిగింది. మంచిగానే ఉందమ్మా అన్నాను. ఆ రోజు నేనూ కళ్లు తుడుచుకున్నాను.

రెండు వారాల్లో నాలుగేళ్ల అలవాటు పోదు. నడక భాగం వచ్చింది. నెమ్మది భాగం చాలావరకు వచ్చింది. చివరి పరుగు భాగం రాలేదు. ముందురోజు ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. వచ్చింది వాయిస్తుంది. రానిచోట వయొలిన్ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది, చెయ్యి ఆడించదు. ప్రిన్సిపల్ సార్ విని, "అంతమంది వాయిస్తుంటే ఒక్క పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంటే జడ్జీలు ఏమనుకుంటారు మేడం?" అన్నారు. ఏమనుకుంటారో నాకూ తెలుసు. "ఆ అమ్మాయి కూర్చుంటుంది సార్," అన్నాను. ఈసారి ఆయన టీ తెప్పించలేదు.

పోటీ రోజు బస్సులో పిల్లలు అంత్యాక్షరి పాడుతుంటే ఆమె కిటికీ పక్కన కూర్చుని మూడో వేలు ఎడమ మోకాలి మీద కొట్టుకుంటూ ఉంది. హాల్లో మా వంతు ఆరోదో ఏడోదో. జడ్జీల బల్ల స్టేజ్‌కి ఒక పక్కగా, నాకు కనపడేలా వేశారు. నేను ముందు నిలబడి చెయ్యెత్తాను. నడక బాగా వచ్చింది. మా బ్యాండు అబ్బాయి క్లారినెట్ విని వెనక ఎవరో ఈల కూడా వేశారు. నెమ్మది భాగంలో ఫస్ట్ వయొలిన్లు ఆగిపోతాయి. సెకండ్ వయొలిన్లు, చెల్లోలు మాత్రమే మిగులుతాయి. దాక్కునే చోటే లేదు. నాలుగో బార్‌లో మూడో వేలి స్వరం కిందుగా పడింది. హాలంతా వినపడింది. అది ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. నా చెయ్యి ఆగకుండా నడిచింది. చివరి పరుగులో ఆమె ఒప్పందం ప్రకారం వయొలిన్ ఒళ్లో పెట్టుకుని, నిటారుగా, ఎవరి చూపూ తప్పించుకోకుండా ముందుకు చూస్తూ కూర్చుంది.

మాకు ఏ బహుమతీ రాలేదు. అందరికీ ఇచ్చే సర్టిఫికెట్లు ఇచ్చారు. ఒక జడ్జి నాతో మర్యాదగానే, రికార్డింగ్‌కీ స్టేజ్‌కీ కాస్త తేడా ఉందండీ అన్నారు. ఉందండీ, రికార్డింగ్‌లో ఒక పాపను నేను మ్యూట్ చేశాను, ఇవాళ చేయలేదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కప్పు పోయినందుకు బాధ లేదని చెబితే అబద్ధం. ఇప్పటికీ కాస్త ఉంది.

బయట పిల్లలు సమోసాలు తింటూ బస్సు కోసం నిలబడ్డారు. ఆమె వయొలిన్ పెట్టె మోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఎట్లున్నది మేడం?"

బాగుంది తల్లీ అని ముప్పై ఏళ్లుగా అలవాటైన మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"నడక బాగుంది. నెమ్మది భాగంలో నాలుగో బార్‌లో మూడో వేలు కిందికి పడింది."

"అవ్ మేడం, నాకు సుత ఇనవడ్డది," అంది వెంటనే. మొహం వెలిగిపోతోంది. "ఇనవడంగనే పైకి జరుపుకున్న. అయిదో బార్‌ల సరిగ్గ వచ్చింది. మీరు ఇనలేదా?"

వినలేదు. నాలుగో బార్ తర్వాత నేను జడ్జీల మొహాలు చూస్తూ ఉండిపోయాను. ఆ మాటే ఆమెకు చెప్పాను.